అన్‌సీన్ పాసేజీ సాధన: ప్రతి జవాబుకీ ఒక సాక్షి వాక్యం

పాఠాల్లోంచి వచ్చే ప్రశ్నలకు గైడు ఉంటుంది, బట్టీ ఉంటుంది. అన్‌సీన్ పాసేజీకి, అంటే పాఠ్యపుస్తకంలో లేకుండా పరీక్షలోనే మొదటిసారి చూసే ఇంగ్లీషు భాగానికి, ఆ రెండూ పనికిరావు. అందుకే చాలామంది దాన్ని అదృష్టానికి వదిలేస్తారు. తెలిసిన విషయం మీద వస్తే రాయొచ్చు, లేకపోతే ఏదో నాలుగు ముక్కలు నింపొచ్చు అనుకుంటారు. కానీ ఇంగ్లీషు పేపరు మొత్తంలో జవాబులను కళ్లెదుటే అచ్చువేసి ఇచ్చే ప్రశ్న ఇదొక్కటే. జవాబు ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించగలగాలి. ఆ వాక్యమే సాక్షి వాక్యం. అది చేతనైతే మార్కులు వస్తాయి, కాకపోతే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకీ పోతాయి. కాబట్టి సాధన అంతా ఆ వేలు పెట్టి చూపించడం మీదే సాగాలి.

రోజుకో పాసేజీ చేసి, కీ తిరగేసి, పదికి ఆరు అని వేసుకుని పక్కన పడేస్తుంటారు కొందరు. అది సాధన కాదు, కొలత. రోజూ థర్మామీటరు పెట్టుకున్నంత మాత్రాన జ్వరం తగ్గదు కదా. పోయిన ఆ నాలుగూ ఎందుకు పోయాయో తేల్చుకోకుండా కొత్త పాసేజీ ముట్టుకోకపోవడం మొదటి నియమం.

పాసేజీ ఎంచుకోవడం

మీ పరీక్షలో ఎంత పొడవు పాసేజీ ఇస్తారో పాత ప్రశ్నపత్రాల్లో చూసి, దాదాపు అంతే ఉన్నవి తీసుకోండి. 250 నుంచి 400 పదాల మధ్య ఉంటే సాధనకు సరిపోతుంది. కథలాంటివే కాకుండా సమాచార వ్యాసం, ఉత్తరం, ప్రకటన, పట్టిక కూడా కలిపి పెట్టుకోండి.

కష్టం ఎంతుండాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. డిక్షనరీ లేకుండా సొంతంగా చదివి బాగా అర్థం చేసుకోవాలంటే నూటికి 98 పదాల దాకా తెలిసుండాలని పదజాల పరిశోధకులు మార్సెల్లా హూ, పాల్ నేషన్ కలిసి 2000లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. కాబట్టి పాసేజీలో మొదటి 100 పదాలు చదువుతూ తెలియని వాటి కింద చిన్న చుక్క పెట్టండి. చుక్కలు రెండు నుంచి ఐదు లోపు ఉంటే అది మీకు తగిన పాసేజీ. పది దాటితే పక్కన పెట్టేయండి. అలాంటి దానితో కుస్తీ పడితే జరిగేది డిక్షనరీ సాధనే, చదువు సాధన కాదు. ఒక్క చుక్క కూడా పడకపోతే ఆ పాసేజీ మీకు తేలిక, దాన్ని టైము పెట్టుకుని చెయ్యడానికి దాచుకోండి.

మీ బోర్డు పాత ప్రశ్నపత్రాలను మొదటి వారంలోనే ఖర్చు చేసేయకండి. పొడవు, ప్రశ్నల తీరు తెలుసుకోవడానికి ఒకటి చాలు. చివరి నాలుగైదు ఏళ్లవి ఆఖరి రెండు వారాలకు అట్టే పెట్టండి.

ఒక్కో పాసేజీకి మూడు విడతలు

మొదటి విడతలో గడియారం వద్దు, డిక్షనరీ వద్దు. ముందు ప్రతి వాక్యానికీ పెన్సిలుతో నెంబరు వేసుకోండి. తర్వాత ప్రశ్నలను ఒక్క నిమిషం చూడండి, వాటి కింద ఇచ్చిన ఆప్షన్లను మాత్రం చూడకండి. నాలుగు ఆప్షన్లలో మూడు తప్పులే ఉంటాయి. అవి ముందే బుర్రలోకి ఎక్కితే పాసేజీలో లేనిది కూడా ఉన్నట్టే అనిపిస్తుంది. ఆ తర్వాత పాసేజీని మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా ఒకసారి చదవండి. తెలియని పదం తగిలితే దాటుకుని పోండి. రెండోసారి చదివేటప్పుడు ఒక్కో పేరా పక్కన అందులో ఏముందో మూడు నాలుగు తెలుగు మాటల్లో రాయండి. మొత్తం అనువాదం అక్కర్లేదు. 'గడియారం ఆగింది, ఎవరికీ పట్టలేదు' అన్నంత రాస్తే చాలు. ఇప్పుడు జవాబులు రాసి, ఒక్కో జవాబు పక్కన అది ఏ వాక్యంలో దొరికిందో ఆ నెంబరు వేయండి. నెంబరు వేయలేకపోయిన జవాబు ఒప్పే అయినా ఊహ కిందే లెక్క.

రెండో విడత మర్నాడు. ఇప్పుడు కీ, డిక్షనరీ రెండూ తీయండి. తప్పయిన ప్రతిదానికీ సరైన సాక్షి వాక్యం వెతికి, ఎందుకు తప్పిందో ఒక మాటలో రాసుకోండి. ఎలా రాసుకోవాలో తర్వాత చెబుతాం.

మూడో విడత వారం తర్వాత. అదే పాసేజీని టైము పెట్టుకుని తాజా కాగితం మీద చేయాలి. జవాబులు గుర్తున్నాయి కదా, దండగ అనిపిస్తుంది. అయినా చేయండి. అప్పుడు మళ్లీ తప్పినవే మీ అసలు బలహీనతలు. మొదటిసారి తప్పి ఇప్పుడు సరిపోయినవి పొరపాట్లు మాత్రమే.

ఈ లెక్కన వారానికి మూడు పాసేజీల చొప్పున ఆరు వారాలకు 18 అవుతాయి. పైపైన చేసిన 60 పాసేజీల కన్నా ఈ 18 ఎక్కువ పని చేస్తాయి.

ఒక పాసేజీని విప్పి చూస్తే

ఇదొక చిన్న పాసేజీ. ముందు దీన్ని నోటుబుక్కులో ఇంగ్లీషు లిపిలో రాసుకోండి, రాస్తుంటేనే సగం బోధపడుతుంది.

"ది ఓల్డ్ క్లాక్ ఇన్ ద స్కూల్ లైబ్రరీ హ్యాడ్ స్టాప్డ్ ఇయర్స్ అగో, యెట్ నోబడీ హ్యాడ్ థాట్ ఆఫ్ రిమూవింగ్ ఇట్. ఫ్యూ స్టూడెంట్స్ ఈవెన్ నోటీస్డ్ ఇట్. లాస్ట్ వీక్ ద న్యూ లైబ్రేరియన్, హూ హ్యాడ్ వన్స్ రిపేర్డ్ వాచెస్ విత్ హర్ ఫాదర్, టుక్ ఇట్ డౌన్ అండ్ ఓపెన్డ్ ద బ్యాక్. ఇన్‌సైడ్, షీ ఫౌండ్ ఎ డెడ్ స్పైడర్, సమ్ డస్ట్ అండ్ ఎ స్మాల్ ఫోల్డెడ్ నోట్. షీ క్లీన్డ్ అవుట్ ద ఫస్ట్ టూ. ద థర్డ్ షీ పుట్ ఇన్ హర్ పాకెట్ వితౌట్ రీడింగ్ ఇట్. బై ఈవెనింగ్ ద క్లాక్ వాజ్ టికింగ్ అగైన్."

మొత్తం ఏడు వాక్యాలు. దాదాపు అన్నీ తెలిసిన పదాలే. అయినా ఇందులో మార్కులు పోయే చోట్లు అరడజను దాకా ఉన్నాయి.

ఆమె ఏమేం శుభ్రం చేసింది? ఐదో వాక్యంలో 'ద ఫస్ట్ టూ' అని మాత్రమే ఉంది. జవాబులో అదే రాస్తే మార్కు రాదు. ఆ రెండూ ఏవో తెలియాలంటే నాలుగో వాక్యానికి వెనక్కి వెళ్లాలి: చచ్చిన సాలెపురుగు, దుమ్ము. సాక్షి వాక్యాలు రెండు, నాలుగూ ఐదూ. ఇట్, దే, దిస్, సచ్, ద ఫార్మర్ (ముందు చెప్పినది), ద లాటర్ (తర్వాత చెప్పినది) లాంటి మాటలు కనిపించినప్పుడల్లా బాణం గీసి అసలు పేరుకు కలపడం అలవాటు చేసుకోండి. తెలుగులో మనం 'తీసుకుంది, జేబులో వేసుకుంది' అంటూ కర్తనీ కర్మనీ వదిలేసి హాయిగా మాట్లాడుకుంటాం. అందుకే ఈ చిన్న మాటల వెంట పడే అలవాటు మనకు తక్కువ. పై పాసేజీలో 'ఇట్' నాలుగుసార్లు వచ్చింది. మొదటి మూడూ గడియారం, నాలుగోది చీటీ.

గడియారాన్ని చాలామంది పిల్లలు గమనించారా? లేదు. 'ఫ్యూ' అంటే దాదాపు ఎవరూ లేరనే అర్థం. దాని ముందు 'ఎ' చేరి 'ఎ ఫ్యూ' అయితే కొందరు ఉన్నారని. 'లిటిల్', 'ఎ లిటిల్' కూడా ఇంతే. ఒక్క అక్షరంతో వాక్యం అటుదిటు అవుతుంది.

'టుక్ ఇట్ డౌన్' అంటే? డిక్షనరీలో 'టేక్ డౌన్'కి రాసుకోవడం అనే అర్థమూ ఉంటుంది, కిందికి దించడం అనే అర్థమూ ఉంటుంది. ఇక్కడ ఏదో తేల్చేది పక్కనున్న 'ఓపెన్డ్ ద బ్యాక్'. గోడ మీద నుంచి దించితేనే వెనక మూత తెరవడం కుదురుతుంది.

గడియారాన్ని బాగు చేసిందెవరు? ఆమే బాగు చేసిందని ఏ వాక్యంలోనూ సూటిగా లేదు. కానీ మూడో వాక్యంలో విప్పింది, ఐదోదాంట్లో శుభ్రం చేసింది, ఏడోదాంట్లో సాయంత్రానికి అది నడుస్తోంది. మూడింటినీ కలిపితే జవాబు లైబ్రేరియనే. ఊహించి రాయాల్సిన ప్రశ్న అంటే ఇదే. ఇక్కడ ఊహకూ సాక్షి వాక్యాల నెంబర్లు ఉన్నాయి. ఉంటేనే అది జవాబు.

మరి ఆ చీటీ రాసింది ఆమె తండ్రేనా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పాసేజీలో తండ్రి ఉన్నాడు, చీటీ ఉంది, మన బుర్ర రెంటినీ ముడిపెట్టేసి ఓ సినిమా తీసేస్తుంది. ముడిపెట్టే వాక్యం మాత్రం లేదు. ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ అని మూడు గళ్లు ఇచ్చినప్పుడు ఇది నాట్ గివెన్. ఫాల్స్ అనాలంటే దాన్ని కాదనే వాక్యం ఒకటి ఉండాలి. 'గడియారం పోయిన వారమే ఆగిపోయింది' అంటే ఫాల్స్, ఎందుకంటే మొదటి వాక్యం 'ఇయర్స్ అగో' అంటోంది. కాదనే వాక్యం చూపించలేకపోతే ఫాల్స్ రాయకండి.

శీర్షిక పెట్టమంటే? 'లైబ్రరీస్' అన్నది మరీ పెద్దది, పాసేజీ దాని గురించి కాదు. 'ద ఫోల్డెడ్ నోట్' ఆకర్షణీయంగా ఉంది కానీ రెండు వాక్యాలకే సరిపోతుంది. 'ద ఓల్డ్ క్లాక్ టిక్స్ అగైన్' అయితే మొదటి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ కలుపుతుంది. శీర్షిక ప్రశ్న వచ్చినప్పుడు మొదటి పేరాకూ చివరి పేరాకూ రెంటికీ అతుకుతుందో లేదో చూడండి, తప్పు ఆప్షన్లు చాలావరకు అక్కడే రాలిపోతాయి.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే చిక్కులు

తెలుగులో క్రియ వాక్యం చివర్లో వస్తుంది. పైగా విశేషణంలా వచ్చే వాక్యం పేరుకు ముందే ఉంటుంది: 'ఒకప్పుడు తండ్రితో కలిసి వాచీలు బాగు చేసిన లైబ్రేరియన్'. ఇంగ్లీషులో అది పేరు తర్వాత వస్తుంది: 'లైబ్రేరియన్, హూ హ్యాడ్ వన్స్ రిపేర్డ్...'. దాంతో 'లైబ్రేరియన్'కీ దాని అసలు క్రియ 'టుక్'కీ మధ్య ఎనిమిది మాటలు అడ్డుపడ్డాయి. చదివేవాళ్లు 'ఫాదర్ టుక్ ఇట్ డౌన్' అని పక్కపక్కన ఉన్నవాటిని కలిపేసి, గడియారం దించింది తండ్రి అని రాసేస్తారు. దీనికి మందు పెన్సిలే. హూ, విచ్, దట్‌తో మొదలయ్యే ముక్కను బ్రాకెట్లో పెట్టేసి, మిగిలిన వాక్యాన్ని ఒకసారి చదవండి: 'ద న్యూ లైబ్రేరియన్ టుక్ ఇట్ డౌన్'. తర్వాత బ్రాకెట్ తీసేయొచ్చు. రోజూ ఐదు పొడవాటి వాక్యాల మీద ఈ పని చేస్తే రెండు మూడు వారాల్లో కన్నే ఆ పని చేసుకుపోతుంది.

'అందరూ రాలేదు' అని తెలుగులో అంటే ఎవరూ రాలేదనీ కావచ్చు, కొందరే వచ్చారనీ కావచ్చు, సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. ఇంగ్లీషులో 'నాట్ ఆల్ ద బాయ్స్ కేమ్' అంటే కొందరు వచ్చారు, 'నన్ ఆఫ్ ద బాయ్స్ కేమ్' అంటే ఒక్కడూ రాలేదు. ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు ఈ తేడా అంటే మహా ఇష్టం.

'నాట్' లేకుండానే కాదని చెప్పే మాటలు ఒక పేజీలో రాసి పెట్టుకోండి. హార్డ్‌లీ, సెల్డమ్, అన్‌లెస్, విత్‌అవుట్, ఫెయిల్డ్ టు, 'టూ టైర్డ్ టు వాక్' లాంటివి. చివరిదాంట్లో నడిచాడా? లేదు, నడవలేనంత అలసిపోయాడు. 'కుడ్ హ్యావ్ వన్' అంటే గెలవలేదు. 'యూస్డ్ టు స్మోక్' అంటే ఇప్పుడు మానేశాడు.

కర్మణి వాక్యం మనం మాటల్లో వాడేది తక్కువ. 'హీ వాజ్ గివెన్ ఎ బుక్' చూసి అతను పుస్తకం ఇచ్చాడు అని రాస్తారు. 'వాజ్', 'వర్' తర్వాత క్రియ మూడో రూపం కనిపిస్తే ఆగి, పని చేసిందెవరు, ఎవరికి జరిగింది అని అడగాలి.

ఇక తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటల గోల ఒకటుంది. మనకు 'డౌట్' అంటే అడిగి తెలుసుకోవాల్సిన ప్రశ్న. పాసేజీలో 'ఐ డౌట్ హీ విల్ కమ్' అంటే అతను రాడనే నా అనుమానం. 'ఐ సస్పెక్ట్ హీ విల్ కమ్' అంటే మాత్రం వస్తాడనే అనుకుంటున్నానని. రెంటికీ 'అనుమానం' అని ఒకే అర్థం రాసుకుంటే జవాబు తలకిందులవుతుంది.

పదాల ప్రశ్నలకు పద్ధతి సులువే. అడిగిన పదాన్ని వాక్యంలోంచి తీసేసి, అక్కడ ఖాళీ ఉందనుకుని, ఆప్షన్లను ఒక్కొక్కటిగా పెట్టి చదవండి. రూపం కూడా సరిపోవాలి. పాసేజీలో 'నోటీస్డ్' ఉంటే 'సా' సరిపోతుంది, 'సీ' సరిపోదు. పదాల ముందుభాగాలను గుడ్డిగా నమ్మకండి. 'ఇన్' ఉంటే వ్యతిరేకార్థం అనుకుంటే 'ఇన్‌వాల్యుబుల్' దగ్గర దెబ్బ తింటారు. దానికి అర్థం విలువ లేనిది కాదు, విలువ కట్టలేనంత గొప్పది.

పట్టికగానీ గ్రాఫుగానీ వస్తే ప్రశ్నలకన్నా ముందు దాని శీర్షిక, కొలమానం, అన్నింటికన్నా పెద్ద అంకె, చిన్న అంకె చూసుకోండి. ఎక్కువ తప్పులు శాతాన్ని సంఖ్యగా చదవడం వల్లే వస్తాయి.

జవాబు రాయడం

సాక్షి వాక్యం దొరికాక కూడా మార్కు జారిపోయే చోట్లున్నాయి. మొదటిది, పేరా మొత్తం దించేయడం. దిద్దేవాళ్లు అందులో జవాబు వెతుక్కోరు. అవసరమైన ముక్క మాత్రమే రాయండి. రెండోది, 'ఐ'ని 'ఐ'గానే వదిలేయడం. పాసేజీలో రచయిత 'ఐ వాజ్ అఫ్రెయిడ్' అంటే జవాబులో 'ద రైటర్ వాజ్ అఫ్రెయిడ్' అవ్వాలి. మూడోది, 'డిడ్'. 'వై డిడ్ షీ ఓపెన్ ద బ్యాక్?' అని అడిగితే 'షీ డిడ్ ఓపెన్డ్' అని రాస్తుంటారు. జవాబులోకి వచ్చేటప్పుడు 'డిడ్' పోతుంది, దానిలోని భూతకాలం క్రియలోకి దిగుతుంది: 'షీ ఓపెన్డ్ ద బ్యాక్ టు రిపేర్ ద క్లాక్'. 'వై'కి జవాబులో 'బికాజ్' అయినా 'టు' అయినా ఉండాలి, లేకపోతే కారణం చెప్పినట్టే కాదు.

రెండు మార్కుల ప్రశ్నకు సాధారణంగా రెండు అంశాలు ఉంటాయి. ఒక్కటే దొరికితే ఆ సాక్షి వాక్యానికి ముందూ వెనకా ఉన్న వాక్యాలు చూడండి, రెండోది తరచుగా అక్కడే ఉంటుంది. 'ఇన్ యువర్ ఓన్ వర్డ్స్' అంటే క్రియనూ ముఖ్యమైన పేరునూ మార్చడం, ప్రతి మాటనూ మార్చడం కాదు.

తప్పుల నోటుబుక్కు

ఒక్కో తప్పుకి ఒక గీత. గళ్లు ఐదు: పదం తెలియలేదు, చోటు దొరకలేదు, ప్రశ్న సరిగా చదవలేదు, లేనిది కల్పించాను, రాయడంలో పోయింది. ఆరు పాసేజీలయ్యాక గీతలు లెక్కపెట్టండి. ఎక్కువ ఏ గడిలో పడితే తర్వాతి రెండు వారాలు దాని మీదే.

పదం తెలియకపోవడమే ఎక్కువైతే రోజుకు ఎనిమిది పది పదాలు, ఒక్కోటీ అది వచ్చిన వాక్యంతో సహా రాసుకోవాలి, ఒంటరి పదాల జాబితా నిలవదు. చోటు దొరకడం లేదంటే ప్రశ్నలోని పేరు, అంకె, తేదీ లాంటి గట్టి మాటను పట్టుకుని పాసేజీలో అదెక్కడుందో వెతికే ఆట ఆడండి, చదవకుండా కళ్లు పరిగెత్తిస్తూ. ఒక్కో ప్రశ్నకు 15 సెకన్లు. ప్రశ్న సరిగా చదవకపోవడం అయితే మందు చాలా చిన్నది: ప్రతి ప్రశ్నలోనూ నాట్, ఎక్సెప్ట్, ఓన్లీ, ఫస్ట్, మెయిన్ లాంటి మాటకు సున్నా చుట్టడం. లేనిది కల్పించడం అన్న గడి తెలివైనవాళ్లదే ఎక్కువ నిండుతుంది. వాళ్లకు ఆ విషయం ముందే తెలిసుంటుంది, తెలిసింది రాసేస్తారు. పాసేజీ చెప్పింది తప్పనిపించినా జవాబు పాసేజీ ప్రకారమే ఉండాలి.

టైము సంగతి

ఇంగ్లీషు వచ్చిన పెద్దలు కథేతర రచనలను మౌనంగా చదివే సగటు వేగం నిమిషానికి 238 పదాలని 190 అధ్యయనాలను కలిపి 2019లో మార్క్ బ్రిస్‌బార్ట్ లెక్కగట్టారు. మీకు అంత అక్కర్లేదు. 350 పదాల పాసేజీకి 20 నిమిషాలు అనుకుంటే, ప్రశ్నలు చూడటానికి ఒకటి, చదవడానికి నాలుగు, జవాబులకు పన్నెండు, సరిచూసుకోవడానికి మూడు నిమిషాలు. నాలుగు నిమిషాల్లో 350 అంటే నిమిషానికి 90 కన్నా తక్కువే. ఆ మాత్రం వేగం కూడా రాకపోతే కారణం తరచుగా ఒక్కో పదం దగ్గర ఆగి ఆగి చదవడమే. చేసేసిన పాసేజీని తీసుకుని అర్థం తెగే చోట గీతలు పెట్టండి: ద న్యూ లైబ్రేరియన్ / హూ హ్యాడ్ వన్స్ రిపేర్డ్ వాచెస్ / విత్ హర్ ఫాదర్ / టుక్ ఇట్ డౌన్. ఒక్కో ముక్కనూ ఒక్క చూపులో చదవండి. పెదవులు కదిలితే మూసుకోండి. వరసగా మూడుసార్లు చదివితే మూడోసారికి టైము తగ్గడం మీకే తెలుస్తుంది.

మొదటి మూడు వారాలు మూడో విడతలో ఎంత టైము పట్టిందో చూసుకుంటే చాలు, గడువు పెట్టొద్దు. నాలుగో వారంలో 25 నిమిషాలు, ఐదులో 22, ఆరులో 20.

పరీక్ష హాల్లో రెండు నిమిషాల పైన ఒకే ప్రశ్న దగ్గర కూర్చోవద్దు, పక్కన చుక్క పెట్టి ముందుకు పోండి. చాలా పేపర్లలో ప్రశ్నలు పాసేజీ వరసలోనే ఉంటాయి కాబట్టి మూడో ప్రశ్న జవాబు రెండోదానికీ నాలుగోదానికీ మధ్యనే దొరికే అవకాశం ఎక్కువ. చివరి మూడు నిమిషాల్లో జవాబులన్నీ మళ్లీ చదవకండి. చుక్క పెట్టినవి, సాక్షి వాక్యం నెంబరు పడనివి మాత్రం చూడండి. ఊరికే భయమేసి దిద్దడం వద్దు, కొత్త సాక్షి వాక్యం దొరికితేనే జవాబు మార్చండి.